రాయగడ నుంచి ఆస్ట్రేలియా ఔట్‌బ్యాక్‌కు: నాన్నగారు, పిల్లలతో ఫోర్ వీల్ డ్రైవ్ యాత్రకు ఏ దారి మేలు?

ప్రశ్న: నాగావళి గట్టు (రాయగడ)

అందరికీ నమస్కారం. మా అన్నయ్య కుటుంబం చాలా ఏళ్లుగా అడిలైడ్‌లో స్థిరపడింది. మా పిల్లలకు వేసవి సెలవులు ఉండగానే, వచ్చే మే నెలాఖరులో మమ్మల్నందరినీ అక్కడికి పిలిపించి, ఔట్‌బ్యాక్ అనే జనసంచారం తక్కువైన లోతట్టు ఎడారి ప్రాంతంలోకి ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో తీసుకువెళ్లి, కొన్ని రాత్రులు గుడారాల్లో గడపాలని అన్నయ్య గట్టిగా అనుకుంటున్నాడు. బయలుదేరేది ఏడుగురం: అన్నయ్య, వదిన, నేను, నా భార్య, మా నాన్నగారు, పదకొండేళ్ల మా అమ్మాయి, ఆరేళ్ల మా అబ్బాయి.

నాన్నగారికి డెబ్బై ఒకటో ఏడు నడుస్తోంది. బీపీకి మాత్రలు, షుగరుకు ఇన్సులిన్ వాడుతున్నారు. అయినా రోజూ తెల్లవారకముందే లేచి నడిచే మనిషి. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో పట్టాల నిర్వహణ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు కాబట్టి కొండలు, వానలు, విరిగిపడే చరియలు ఆయనకు కొత్త కాదు.

అన్నయ్య వేసిన ప్రణాళిక ప్రకారం అడిలైడ్ నుంచి ఫ్లిండర్స్ కొండలు, మర్రీ, ఊడ్నడట్టా మీదుగా మౌంట్ డేర్ చేరి, అక్కడి నుంచి సింప్సన్ ఎడారి ఇసుక దిబ్బలను దాటి బర్డ్స్‌విల్‌కు వెళ్లాలి. బండి ఒక్కటే, ఏడు సీట్ల ప్రాడో. ఇక్కడ మాకు థార్ ఉంది. దేవమాలి వాలులోనూ, కొలాబ్ జలాశయం ఒడ్డునా, గుప్తేశ్వరం వెళ్లే అడవి దారిలోనూ పిల్లలతో సహా గుడారం వేసుకుని ఉన్న అలవాటు మాకు ఉంది. ఈ అనుభవం అక్కడ ఎంతవరకు పనికివస్తుంది? నాన్నగారిని, చిన్నవాణ్ణి సింప్సన్‌కు తీసుకువెళ్లడం తగునా? ఇక్కడి నుంచి ఏమి తీసుకువెళ్లాలి? ఆ దారులు తెలిసినవారు వివరంగా చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు: గుణుపురం బిడ్డ (ప్రస్తుతం పోర్ట్ అగస్టా)

నమస్కారమండీ. పుట్టి పెరిగింది మీకు దగ్గరలోని గుణుపురంలోనే. ఉద్యోగరీత్యా ఇక్కడ ఉంటున్నాను, మీరు చెప్పిన దారుల్లో తరచూ తిరుగుతుంటాను. మొదటి మాటగానే చెబుతున్నాను, ఈసారికి సింప్సన్‌ను వదిలేయండి. మీ అన్నయ్యగారి ఉత్సాహాన్ని తగ్గించాలని నేను ఈ మాట అనడం లేదు, మీ బండిలో ఉన్న మనుషుల లెక్క చూసి అంటున్నాను.

ఆ ఎడారిలో ఒకదాని వెనుక ఒకటిగా, ఉత్తర దక్షిణాలుగా బారులు తీరిన ఇసుక దిబ్బలు 1,100కు పైగా ఉన్నాయి. పడమటి నుంచి తూర్పుకు వెళ్లే బండి వాటన్నిటినీ ఎక్కి దిగాల్సిందే. మౌంట్ డేర్‌కూ బర్డ్స్‌విల్‌కూ మధ్య సుమారు 500 కిలోమీటర్ల దూరంలో బంకు లేదు, ఊరు లేదు. మెత్తటి ఇసుకలో డీజిల్ ఖర్చు తారు రోడ్డు మీదకన్నా బాగా పెరుగుతుంది కాబట్టి అదనపు డీజిల్ మోయాలి. నీళ్ల సంగతి చూడండి. తాగడానికి, వంటకు, అత్యవసరానికి కలిపి మనిషికి రోజుకు 10 లీటర్ల చొప్పున లెక్కవేస్తే ఏడుగురికి 70 లీటర్లు, అంటే 70 కిలోల బరువు. నాలుగు రోజులకే 280 కిలోలు. ఏడు సీట్లలోనూ మనుషులు కూర్చున్న తరువాత ఈ నీళ్లు, డీజిల్, గుడారాలు, వంట సామాను, రెండు స్పేర్ టైర్లు పెట్టడానికి ఆ బండిలో చోటూ ఉండదు, మోసే శక్తీ మిగలదు. బండి తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ బరువును మించితే స్ప్రింగులు విరగడం ఒక ప్రమాదం, ప్రమాదం జరిగాక బీమా చెల్లకపోవడం మరో ప్రమాదం. పైగా ప్రతి దిబ్బ శిఖరం మీదా పడే కుదుపు మీ నాన్నగారి నడుముకు మంచిది కాదు.

ఇక మీ అనుభవం గురించి. కొరాపుట్ కొండల్లో బండి ఆగిపోతే ఎంత లోతట్టు అడవిలోనైనా కొంతసేపటికి పశువులు కాసే కుర్రాడో, సంతకు వెళ్లే ఆడవాళ్లో కనిపిస్తారు. వాళ్లకు దగ్గరలో ఊరు ఉంటుంది, ఊట ఉంటుంది. మనం తెలియకుండానే ఆ ధైర్యం మీద ఆధారపడి తిరుగుతాం. ఇక్కడ ఆ ఆధారం లేదు. దారి మీద వెళ్లే తరువాతి బండే మీకు ఊరు. అందుకే ఇక్కడివాళ్లు పిల్లలకు సైతం నేర్పే మొదటి సూత్రం, బండి ఆగిపోతే బండిని వదిలి నడవవద్దు అన్నది. విమానంలోంచి వెతికేవారికి బండి కనిపిస్తుంది, మనిషి కనిపించడు. ఎడారిలో ప్రాణాలు పోయిన సంఘటనల్లో చాలావాటిలో బండి దొరికింది, దాన్ని విడిచి నడిచిపోయినవారు మరెక్కడో దొరికారు.

సింప్సన్ బదులు నేను చెప్పే దారి మీ నాన్నగారికి ఎక్కువ నచ్చుతుందని నా నమ్మకం. మర్రీ నుంచి మార్లా దాకా సుమారు 620 కిలోమీటర్ల ఊడ్నడట్టా ట్రాక్, చాలాచోట్ల పాత ఘాన్ రైలు మార్గం పక్కనే సాగుతుంది. 1,067 మిల్లీమీటర్ల నారో గేజ్ మీద నడిచిన ఆ రైలు 1891లో ఊడ్నడట్టా చేరింది, 1929లో ఖండం నడిమధ్యనున్న ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణం చేరింది. వరదలకు కట్ట కొట్టుకుపోయి రైళ్లు రోజుల తరబడి ఆగిపోవడం ఆ మార్గానికి మామూలైపోయింది. చివరికి 1980లో దాన్ని మూసివేసి, చాలా పడమటగా కొత్త మార్గం వేశారు. నీళ్లు లేని నేలలో ఆవిరి ఇంజన్లకు నీరు ఎక్కడి నుంచి వచ్చిందని మీ నాన్నగారు తప్పక అడుగుతారు. గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ అనే భూగర్భ జలాశయం నుంచి పైకి ఉబికే ఊటలు ఆ ప్రాంతంలో వరుసగా ఉన్నాయి. ఆదివాసులు వేల ఏళ్లుగా ఆ ఊటల వెంబడే నడిచారు, 1872లో పూర్తయిన టెలిగ్రాఫ్ తీగ ఆ ఊటల వెంబడే సాగింది, రైలూ వాటినే పట్టుకుని వెళ్లింది. ఆ నీటిలో ఖనిజ లవణాలు ఎక్కువ కాబట్టి ఇంజన్ బాయిలర్లు పాడవకుండా నీటిని శుద్ధి చేసే ఎత్తైన ఇనుప గోపురాన్ని కర్డిముర్కా స్టేషన్ దగ్గర ఇప్పటికీ చూడవచ్చు. పట్టాల మనిషికి అక్కడ ఒక పూట చాలదు.

కాబట్టి అడిలైడ్ నుంచి సుమారు 430 కిలోమీటర్ల దూరంలోని విల్పీనా దగ్గర, ఇకారా–ఫ్లిండర్స్ రేంజెస్ జాతీయ ఉద్యానంలో మొదట రెండు రాత్రులు ఉండండి. గుడారంలో ఎవరికి నిద్ర పడుతోంది, ఎవరికి పట్టడం లేదు అన్నది అక్కడే తేలిపోతుంది. తరువాత మర్రీ, కవర్డ్ స్ప్రింగ్స్, విలియమ్ క్రీక్ చూసుకుని, అక్కడి నుంచి సుమారు 165 కిలోమీటర్ల మట్టి రోడ్డు మీద కూబర్ పీడీ చేరి, స్టువర్ట్ హైవే తారు రోడ్డు మీదుగా తిరిగి రండి. కవర్డ్ స్ప్రింగ్స్ శిబిరస్థలంలో ఖర్జూర చెట్ల నీడ, ఊట నీటి మడుగు ఉన్నాయి, పిల్లలు అక్కడి నుంచి కదలరు. దారిలో కాటి తండా–లేక్ ఐర్ దక్షిణ భాగం కనిపిస్తుంది. సముద్ర మట్టానికి సుమారు 15 మీటర్ల దిగువన ఉన్న ఆ ఉప్పు సరస్సు మీదికి బండి దించడం నిషేధం. అది అరబానా ప్రజలకు పవిత్రమైన చోటు కూడా.

వాన గురించి ఒక్క మాట. ఇక్కడ కొద్దిపాటి వాన కురిసినా ఆ బంకమన్ను దారులను మూసివేస్తారు. మూసిన దారిలో బండి నడిపితే భారీ జరిమానా పడుతుంది. టైర్లు కోసిన గాడులు ఎండిపోయి, ఆ దారి మీద ఆధారపడిన పశుపాలకులను నెలల తరబడి బాధిస్తాయి. అందుచేత తిరుగు విమానానికి ముందు కనీసం మూడు రోజులు ఖాళీగా ఉంచుకోండి. చీకటి పడకముందే, అంటే సాయంత్రం నాలుగింటికల్లా బండి ఆపేయండి. కంగారూలు, ఈమూలు దారి మీదికి వచ్చేది సంధ్యవేళల్లోనే.

జవాబు: కొలాబ్ జీపు (జయపురం)

పై జవాబు ఇచ్చినవారితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. జయపురంలో మాకు ఫోర్ వీల్ డ్రైవ్ బండ్ల వర్క్‌షాపు ఉంది, అడిలైడ్‌లోని మా మేనల్లుడితో కలిసి అదే ట్రాక్ మీద బండి నడిపాను. నడపడం వరకు కొన్ని విషయాలు చెబుతాను.

మన ఘాట్ రోడ్లలో నేర్చుకున్న పనితనంలో గేరులో దిగడం, బ్రేకును పొదుపుగా వాడడం, లో రేంజ్‌లో, అంటే వేగం తగ్గించి లాగే శక్తిని పెంచే గేర్లలో, నిదానంగా రాళ్లు ఎక్కడం అక్కడా పనికివస్తాయి. మనకు బొత్తిగా తెలియనివి రెండు ఉన్నాయి. ఒకటి, మైళ్ల తరబడి చాకిరేవు బండ మీది గాడుల్లా అడ్డంగా పడిన ముడతల మట్టి రోడ్డు. రెండు, టైరులో గాలిని దారికి తగ్గట్టు మార్చడం. ముడతల మీద బండి ఆగకుండా వణుకుతుంది, బోల్టులు తమంతట తామే వదులవుతాయి. పై క్యారియర్ నట్లు, బ్యాటరీ బిగింపు, స్పేర్ టైరు పట్టీ, షాక్ అబ్జార్బర్ బోల్టులను ప్రతిసారీ ఆగినచోట చేతితో కదిపి చూడాలి. మేము మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు మా మేనల్లుడు ముందు స్పానర్ తీసి బండి చుట్టూ తిరిగి, అటు తరువాతే చేతులు కడుక్కునేవాడు. క్యారియర్ ముందు కాలి నట్టు అప్పటికే రెండు చుట్లు తిరిగిపోయి, దాని కింది వాషరు చేతికి గలగలలాడుతూ ఉండడం నా కళ్లారా చూశాను.

గాలి సంగతికి వస్తే, బరువు వేసిన బండికి తారు రోడ్డు మీద టైరు గాలి ఒత్తిడి 38, 40 పీఎస్‌ఐ ఉంటే, రాళ్ల మట్టి దారిలో 28, 30కి దించి, వేగం గంటకు 80 కిలోమీటర్లు దాటనివ్వకూడదు. మెత్తటి ఇసుక వస్తే 18 దాకా దించాలి. గాలి తగ్గించిన టైరుతో వేగంగా వెళితే టైరు వేడెక్కి పగులుతుంది కాబట్టి తారు రోడ్డు ఎక్కగానే తిరిగి నింపాలి. అందుకు మంచి కంప్రెసర్, నమ్మకమైన గేజి ఉండాలి.

ఇరుక్కున్న బండిని లాగేటప్పుడు పట్టీని ట్రెయిలర్ తగిలించే గుండుకు ఎన్నడూ తగిలించవద్దు. ఆ గుండు విరిగి తూటాలా దూసుకువచ్చి ఆస్ట్రేలియాలో మనుషుల ప్రాణాలు తీసింది. ఛాసిస్‌కు బిగించిన, ఆ పనికే తయారుచేసిన కొక్కెం మాత్రమే వాడాలి. లాగే సమయంలో పిల్లలను, నాన్నగారిని పట్టీ పొడవుకు కనీసం ఒకటిన్నర రెట్ల దూరంలో, పక్కకు నిలబెట్టాలి.

ఎదురుగా వచ్చే రోడ్ ట్రెయిన్లు అంటే మూడు నాలుగు ట్రెయిలర్లు తగిలించిన లారీలు, పొడవు 53 మీటర్ల దాకా ఉంటుంది. అది కనిపించగానే ఎడమకు తప్పుకుని ఆగి, దుమ్ము అణిగేదాకా కదలకండి. బండి నుంచి బండికి మాట్లాడుకునే యూహెచ్‌ఎఫ్ రేడియో మీ బండిలో తప్పనిసరి, రోడ్డు మీద 40వ ఛానల్‌లో లారీ డ్రైవర్లు మాట్లాడతారు.

ఇప్పటి నుంచే మీ పెరట్లో థార్‌కు టైరు మార్చడం ఇంట్లో పెద్దవాళ్లందరూ అభ్యాసం చేయండి. నడిపేవాళ్లు పడిపోతే ఆ పని చేయాల్సింది పక్కన కూర్చున్న ఆడవాళ్లే.

జవాబు: మహేంద్రతనయ (పర్లాకిమిడి)

నేను పర్లాకిమిడిలో వైద్యురాలిని. మీ నాన్నగారి గురించి, పిల్లల గురించి మాత్రమే రాస్తాను.

నాన్నగారి మందులను అసలు ప్యాకింగుతోనే, వైద్యుడు ఇంగ్లీషులో రాసి ఇచ్చిన చీటీతో సహా తీసుకువెళ్లండి. సందర్శకులు తమ వాడకానికి మూడు నెలలకు సరిపడా మందులను వెంట తీసుకువెళ్లవచ్చు. విమానాశ్రయంలో వాటిని తప్పక ప్రకటించాలి. ఇన్సులిన్‌ను రెండు భాగాలు చేసి రెండు వేర్వేరు సంచుల్లో ఉంచండి. ఎడారి అనగానే అందరూ ఎండకు భయపడతారు గాని, మే చివర, జూన్ నెలల్లో అక్కడ చలికాలం, ఫ్లిండర్స్ ప్రాంతంలో రాత్రి ఉష్ణోగ్రత సున్నా దాకా పడిపోవచ్చు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనిచేయదు, కరిగిన తరువాత కూడా వాడకూడదు. అందుకని రాత్రి బండిలో వదలకుండా, ఆయన పడుకునే స్లీపింగ్ బ్యాగు పక్కన గుడ్డలో చుట్టి ఉంచండి.

చలిలో, పొడి గాలిలో ముసలివారికి దాహం తెలియదు. పైగా బండి ఆపించి దిగడానికి మొహమాటపడి నీళ్లు తాగడం తగ్గించేస్తారు. ఇది నేను మా రోగుల్లో నిత్యం చూసే విషయం. ఆయన అడగకముందే గంటన్నరకో, రెండు గంటలకో బండి ఆపి, దింపి, నడిపించండి. షుగరు పడిపోతే వెంటనే ఇవ్వడానికి గ్లూకోజు ఆయన జేబులోనే ఉండాలి.

పాముల విషయంలో మన అలవాటు అక్కడికి సరిపడదు. మన దగ్గర రక్తపింజర కాటుకు గట్టిగా కట్టు కడితే కాటుపడిన చోట కండ మరింత దెబ్బతింటుంది కాబట్టి కట్టవద్దని, కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చమని చెబుతాం. ఆస్ట్రేలియా నేలమీది ప్రమాదకర పాములు నాగుపాము కుటుంబానికి చెందినవి. అక్కడ వెడల్పాటి సాగే బ్యాండేజీని కాలు లేదా చెయ్యి పొడవునా బిగువుగా చుట్టి, బద్ద కట్టి, మనిషిని అడుగు కూడా వేయనివ్వకూడదు. గాయాన్ని కడగకూడదు. చలికి పాములు బయటికి రావడం అరుదే అయినా, అలాంటి బ్యాండేజీలు రెండు కొని అందరికీ తెలిసిన చోట పెట్టండి.

1928లో మొదలైన రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ వారి విమానాలు ఆ ప్రాంతమంతటికీ వస్తాయి. పోర్ట్ అగస్టాలో వారి స్థావరం ఉంది, మర్రీలో వారి ఆరోగ్య కేంద్రం ఉంది. కాని వారికి కబురు అందాలి. ఊళ్ల దగ్గర తప్ప మొబైల్ సిగ్నల్ ఉండదు కాబట్టి శాటిలైట్ ఫోను, దానితోపాటు 406 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే అత్యవసర బీకన్, అంటే నొక్కగానే ఉపగ్రహం ద్వారా మీరున్న చోటును రక్షణ సిబ్బందికి తెలిపే పరికరం, వెంట ఉండాలి. బీకన్ ఎక్కడ ఉందో, ఎలా నొక్కాలో మీ అమ్మాయికి కూడా నేర్పండి, పదకొండేళ్ల పిల్ల నేర్చుకోగలదు. ప్రయాణ బీమాలో నాన్నగారి బీపీ, షుగరు ఉన్నాయని ముందే రాయించండి. దాచిన జబ్బుకు బీమా డబ్బు రాదు.

చిన్నవాడి మెడలో ఈల కట్టండి. గుడారం దాటి వెళితే పెద్దవాళ్ల చెయ్యి పట్టుకోవాలనే నియమాన్ని మొదటి రోజు నుంచే పాటించండి. ఏ దిక్కు చూసినా ఒకేలా కనిపించే నేల అది.

ప్రశ్న వేసినవారు: నాగావళి గట్టు (రాయగడ)

మీ ముగ్గురికీ ఎంతో రుణపడి ఉన్నాను. అన్నయ్యకు ఈ జవాబులన్నీ చదివి వినిపించాను. సింప్సన్ మానుకుని ఊడ్నడట్టా దారికి ఒప్పుకున్నాడు. రెండో బండి అద్దెకు తీసుకుందామంటున్నాడు. నాన్నగారైతే ఘాన్ రైలు మాట వినగానే, వరదకు కట్ట కొట్టుకుపోయిన చోట వంతెన ఎలా కట్టారో చూడాలని అప్పుడే అడిగేశారు. ఆ దారిలో అలాంటి పెద్ద వంతెన ఉందా? అద్దె బండి, తిండి సామాను విషయంలో కూడా సలహా ఇవ్వగలరా?

జవాబు: గుణుపురం బిడ్డ (ప్రస్తుతం పోర్ట్ అగస్టా)

ఉందండీ. ఊడ్నడట్టాకు సుమారు 60 కిలోమీటర్ల ఇవతల, నీల్స్ నది మీద అల్జిబకీనా వంతెన ఉంది. పొడవు 578 మీటర్లు, 19వ శతాబ్దం చివర కట్టిన ఇనుప వంతెన. రైలు పోయి దశాబ్దాలైనా నిలిచే ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలం నది గుంటలు గుంటలుగానే ఉంటుంది. ఆ గుంటలను చూసి ఇంత పొడుగు వంతెన ఎందుకని అడగని మనిషి ఉండడు. కొండవాగు వరదలు చూసిన మీ నాన్నగారు మాత్రం అడగరు.

అయితే దీన్ని ముందుగా ఖాయం చేసుకోకుండా విలియమ్ క్రీక్‌లో నిర్ణయించుకోండి. అక్కడ ఒక రాత్రి ఉండి, ఉదయాన్నే రోడ్డు పరిస్థితి కనుక్కుని, నాన్నగారు బాగా నిద్రపోయి ఉంటే ముందుకు వెళ్లండి. విలియమ్ క్రీక్ నుంచి ఊడ్నడట్టాకు సుమారు 200 కిలోమీటర్లు. ఆ రాత్రి ఊడ్నడట్టాలో ఉండి, మరునాడు అక్కడి నుంచి నేరుగా కూబర్ పీడీకి వెళ్లే మట్టి రోడ్డు పట్టుకుంటే వచ్చిన దారినే తిరిగి రావాల్సిన పని లేదు. ఆయన అలసిపోయి ఉంటే మాత్రం విలియమ్ క్రీక్ నుంచే కూబర్ పీడీకి తిప్పేయండి. డీజిల్ విలియమ్ క్రీక్‌లోనూ, ఊడ్నడట్టాలోనూ దొరుకుతుంది, కనిపించిన ప్రతి చోటా ట్యాంకు నింపండి.

అద్దె ఒప్పందంలో ఏ దారులకు అనుమతి ఉందో పేరు పేరునా రాసి ఉంటుంది. మామూలు కార్ల ఒప్పందాలు మట్టి రోడ్డునే నిషేధిస్తాయి. ఫోర్ వీల్ డ్రైవ్ బండి తీసుకున్నా ఊడ్నడట్టా ట్రాక్ పేరు అందులో ఉందో లేదో చూసి, రాతపూర్వకంగా తీసుకోండి. ఆరేళ్ల బాబుకు ఆస్ట్రేలియా ప్రమాణం ఉన్న బూస్టర్ సీటు చట్టప్రకారం తప్పనిసరి, మన దగ్గర కొన్నది అక్కడ చెల్లదు. మీరు కూడా నడిపేటట్టయితే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని రండి. అక్కడా మనలాగే ఎడమవైపు నడపడమే కాబట్టి ఇబ్బంది ఉండదు.

తిండి సామాను మోసుకురావద్దు. పప్పులు, బియ్యం, పోపు దినుసులు, అటుకులు, చోడిపిండి సహా అన్నీ అడిలైడ్‌లోని మనవాళ్ల దుకాణాల్లో దొరుకుతాయి. వదినగారు ముచ్చటపడి బరంపురం అప్పడాలు తెమ్మంటే తీసుకురండి, కాని విమానంలో ఇచ్చే కార్డులో తినే వస్తువులన్నిటినీ ప్రకటించండి. ప్రకటించినదాన్ని చూసి ఇచ్చేస్తారు లేదా తీసేసుకుంటారు, దాచినదానికి జరిమానా వేస్తారు. కరివేపాకు, పళ్లు, విత్తనాలు అసలే వద్దు. వంటకు గ్యాసు స్టవ్, ప్రెషర్ కుక్కర్ పెట్టుకోండి, గ్యాసూ నీళ్లూ రెండూ ఆదా అవుతాయి. పార్కుల్లో పుల్లలు ఏరడం నిషేధం కాబట్టి కట్టెల పొయ్యి ఆశ పెట్టుకోకండి.

తేదీలు ఖాయమయ్యాక ఇక్కడ రాయండి. మీరు పోర్ట్ అగస్టా మీదుగా వెళ్లేటట్టయితే రెండు బండ్ల బరువునూ తూకం వేయించడానికి నేను వెంట వస్తాను.